ఉన్నత పాఠశాల నుంచి ఆసుపత్రి దాకా

ఆసుపత్రి అనగానే మన కళ్ళ ముందు నిలిచేది డాక్టరుగారు, ఆయన మెడలో స్టెతస్కోపు. అందులో తప్పేమీ లేదు. కాని జ్వరంతో ఉన్న ఒక మనిషి ఉప్పల్‌లోనో, నాచారంలోనో ఆసుపత్రి మెట్లెక్కిన దగ్గర్నుంచి మళ్ళీ దిగేదాకా వెంట నడిచి చూడండి. చీటీ రాసేవారు ఒకరు. నాడి, జ్వరం, బి.పి. చూసి కాగితం మీద వేసే సిస్టరు ఒకరు. డాక్టరుగారు అయిదు నిమిషాలు చూసి పరీక్షలు రాస్తారు. రక్తం తీసేవారు ఒకరు, దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసేవారు ఒకరు, ఎక్స్‌రే తీసేవారు ఇంకొకరు. "ఇది పొద్దున, ఇది రాత్రి, ఇది తిన్నాక" అని మందులు అప్పగించే ఫార్మసిస్టు మరొకరు. పడకలో చేరవలసివస్తే రాత్రంతా కనిపెట్టుకుని ఉండే నర్సులు, పథ్యం చెప్పేవారు, కాళ్ళూ చేతులూ ఆడించే ఫిజియోథెరపిస్టు ఉండనే ఉన్నారు. రోగిని చూసిన డాక్టరు ఒక్కరే. తాకిన చేతులు మాత్రం పది.

ఈ పది చేతులు ఎక్కడినుంచి వస్తాయి? వాటిని ఎవరు, ఎప్పుడు తయారుచేస్తారు? ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే. ఆ తయారీ ఉన్నత పాఠశాలలోనే, ఎనిమిదీ తొమ్మిదీ తరగతుల్లోనే మొదలుకావాలని నా అభిప్రాయం. అట్లా మొదలుకానందువల్ల మన చుట్టుపక్కల పల్లెల పిల్లలు ఎంత నష్టపోతున్నారో నేను కళ్ళారా చూస్తున్నాను.

ఒకటే గుమ్మం, లక్షల జనం

ఎన్.యస్.యస్. మిత్రులతో కలిసి కీసర మండలంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళ్ళాను. పదో తరగతిలో "ఆసుపత్రిలో పనిచేయాలని ఎవరికుంది?" అని అడిగితే చాలా చేతులు లేచాయి. "ఏమైతరు?" అంటే అందరిదీ ఒకటే మాట, "డాక్టర్ అయితం సార్!" డాక్టరు కాకపోతే ఏమవుతారని అడిగితే గది నిశ్శబ్దమైపోయింది. చివరి బల్ల నుంచి ఒక పిల్ల మాత్రం, "మరి ఇంక ఏముంటయి సార్?" అని అడిగింది.

లెక్క చూద్దాం. 2024లో నీట్ పరీక్ష రాసినవారు దేశం మొత్తం మీద 23 లక్షల పైచిలుకు. యం.బి.బి.యస్. సీట్లు లక్షకు కొంచెం పైన. అంటే ఇరవై మందికి ఒక సీటు. అందులోనూ తక్కువ ఫీజుతో దొరికే ప్రభుత్వ సీట్లు సుమారు సగమే. మిగతా పందొమ్మిది మంది తెలివితక్కువవాళ్ళేమీ కాదు. వాళ్ళకు రెండో గుమ్మం ఉందని ఎవరూ చెప్పలేదు, అంతే. ఒకటికి రెండుసార్లు లాంగ్ టర్మ్ కోచింగ్‌కు కట్టి, ఉన్న ఎకరంలో కొంత అమ్మి, చివరకు ఏ సంబంధమూ లేని డిగ్రీలో చేరినవాళ్ళు మన హాస్టళ్ళలో ఎంతమంది లేరు?

ఇటు చూస్తే నర్సుల అవసరం తీరేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో వెలువరించిన నివేదిక ప్రకారం 2023 నాటికి ప్రపంచంలో నర్సులు 2 కోట్ల 98 లక్షల మంది ఉన్నారు. అయినా ఇంకా లక్షల్లో కొరత ఉందని అదే నివేదిక చెబుతోంది. అటు పని ఉంది, ఇటు పిల్లలున్నారు. మధ్యన దారి చెప్పేవారే లేరు.

దీపం కింద చీకటి

మన ప్రాంతానికి ఉన్నన్ని సదుపాయాలు చాలా జిల్లాలకు లేవు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి మీద పరిశోధనతో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చి, 1969లో ఇప్పటి పేరు పెట్టుకున్న సంస్థ అది. హబ్సిగూడ దాటితే సి.సి.యం.బి.; ఉప్పల్‌లో డి.యన్.ఎ. వేలిముద్రల కేంద్రం, నాచారంలో కార్మికుల కోసం ఇ.యస్.ఐ. ఆసుపత్రి, వరంగల్ రోడ్డు పట్టుకుని ఘట్‌కేసర్ దాటితే 2019లో తొలి యం.బి.బి.యస్. జట్టును చేర్చుకున్న బీబీనగర్ ఎయిమ్స్. ఇన్నింటి మధ్య నుంచి బస్సులో రోజూ వచ్చిపోయే పిల్లలకు ఆ గోడల వెనక ఏం పని జరుగుతుందో తెలియదు.

ల్యాబ్ పని అంటే చిన్న పని అనుకునేవాళ్ళకు ఒక మాట. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ రోజున ఆయన చేసినదేమిటి? ఉక్కపోతలో రోజుల తరబడి దోమల్ని ఒక్కొక్కటే కోసి, మైక్రోస్కోపు కింద ఓపికగా చూసి, చూసినదాన్ని చూసినట్టు రాసుకోవడం. ఇవాళ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ల్యాబ్ టెక్నీషియన్ రక్తపు చుక్క మీద చేసే పని ఆ కుదురుకు చెందినదే.

ముందు నడిచినవాళ్ళు

బడి చదువు నుంచి నేరుగా ఆరోగ్య సేవలోకి దారి వేయడం కొత్త ఊహ కాదు. మన తెలుగు ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆ పని ఏనాడో చేసి చూపించారు. 1937లో మద్రాసులో వెలసిన ఆంధ్ర మహిళా సభ తొలినాళ్ళ పనుల్లో ఒకటి, తెలుగు ఆడపిల్లలను కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు తయారుచేయడం. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు ఆమే తొలి అధ్యక్షురాలు. 1958లో ఆ బోర్డు పెద్దవయసు స్త్రీల కోసం సంక్షిప్త విద్యా కోర్సులు ప్రారంభించింది. ఎందుకు? పల్లెల్లో నర్సులూ, మంత్రసానులూ, ఉపాధ్యాయినులూ కావాలి; ఆ శిక్షణలో చేరాలంటే మెట్రిక్ చదువుండాలి; ఆ చదువున్న ఆడవాళ్ళు పల్లెల్లో లేరు. కాబట్టి మధ్యలో బడి మానిన స్త్రీలకు సుమారు రెండేళ్ళలో ఆ చదువు చెప్పి శిక్షణ గుమ్మం దాకా తీసుకువెళ్ళారు. ముందు బడి, తర్వాత శిక్షణ, తర్వాత కొలువు. ఈ మూడు మెట్లూ ఒకదానికొకటి అతికి ఉండాలన్నదే ఆమె చూపిన కిటుకు. మన విశ్వవిద్యాలయానికి ఆనుకుని విద్యానగర్‌లో ఆమె పేరున ఉన్న ఆసుపత్రి ఇప్పటికీ రోగులను చూస్తూనే ఉంది.

ఇదే పద్ధతి కంటి వైద్యంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఇంటర్ దాకా చదివిన స్థానిక యువతీయువకులను తీసుకుని ఏడాదిపాటు శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్లుగా తయారుచేస్తోంది. సుమారు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున పెట్టిన దృష్టి కేంద్రాల్లో వాళ్ళు చూపు పరీక్షిస్తారు, అద్దాలు రాస్తారు, శుక్లాలు అనుమానమైతే పై ఆసుపత్రికి పంపుతారు. మదురైలో 1976లో పుట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి కూడా పన్నెండో తరగతి చదివిన పల్లెటూరి ఆడపిల్లలకు రెండేళ్ళు శిక్షణ ఇచ్చి, వాళ్ళ చేతుల మీదనే చాలా పని నడిపిస్తుంది. ఇక అమెరికాలో 1976లోనే ఆరోగ్య వృత్తుల్లోకి వెళ్ళదలచిన హైస్కూలు విద్యార్థుల కోసం హోసా అనే సంఘం వెలసింది. అది ఈనాటికీ ప్రథమ చికిత్స మొదలైన వాటిలో పోటీలు పెడుతూ ఉంది.

మన ప్రభుత్వాలు ఆలోచించలేదని కాదు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ హైస్కూలు స్థాయి తర్వాత వృత్తివిద్య ఉండాలని గట్టిగా చెప్పింది. 1986 జాతీయ విద్యా విధానం 1990 నాటికి ఇంటర్ స్థాయి విద్యార్థుల్లో పదిశాతం, 1995 నాటికి ఇరవైఅయిదు శాతం వృత్తివిద్యలో ఉండాలని గీత గీసింది. 1988లో కేంద్ర పథకం వచ్చింది. 2013లో వచ్చిన నైపుణ్య అర్హతల చట్రం కింద తొమ్మిదో తరగతి నుంచే ఆరోగ్య సంరక్షణను ఒక సబ్జెక్టుగా చెప్పే వీలు కలిగింది. అయినా ఆ గీతల దగ్గరికి మనం చేరలేదు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. వృత్తివిద్య అంటే మార్కులు రానివాళ్ళ చదువు అనే చిన్నచూపు మన ఇళ్ళలోనూ ఉంది, బళ్ళలోనూ ఉంది.

బడిలోనే నేర్పదగినవి

ఇందుకు కొత్త పాఠ్యపుస్తకాలు అక్కరలేదు. పదో తరగతి జీవశాస్త్రం తెరవండి. "విసర్జన" పాఠం చెప్పిన రోజున డయాలిసిస్ యంత్రం నడిపే మనిషి గురించి పది నిమిషాలు చెప్పవచ్చు. "ప్రసరణ" పాఠం రోజున పిల్లలు ఒకరి నాడి ఒకరు పట్టుకుని నిమిషానికి ఎన్ని కొట్టుకుంటుందో రాయవచ్చు. కూర్చున్నప్పుడు ఎంత, మైదానం చుట్టూ పరుగెత్తి వచ్చాక ఎంత? భౌతికశాస్త్రంలో కంటి పాఠం ఉంది; కళ్ళజోడు రాసే ఆప్టోమెట్రిస్టు చేసే పనంతా ఆ కటకాల లెక్కే.

లెక్కల మాస్టారు చేయవలసినది ఇంకా ఎక్కువ. ఒక ఉదాహరణ చెబుతాను. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలంతో వస్తాయి. 100 యూనిట్లవీ ఉన్నాయి. సిరంజీలూ రెండు రకాలు. 40 బలం మందును 100 సిరంజీలో 40 గీత దాకా తీస్తే వచ్చేది 0.4 మిల్లీలీటరు, అంటే రోగికి అందేది 16 యూనిట్లే. అదే తలకిందులై 100 బలం మందును 40 సిరంజీలో 40 గీత దాకా తీస్తే అందేది నిండుగా 100 యూనిట్లు. షుగరు ఒక్కసారిగా పడిపోయి మనిషి ప్రాణం మీదికి వస్తుంది. ఏడో తరగతి దశాంశాలూ నిష్పత్తులే ఇవి. ఇదే లెక్క కుళాయి, తొట్టి మీద చెబితే పిల్లవాడు పరీక్ష కోసం నేర్చుకుంటాడు. సిరంజీ మీద చెబితే ఎందుకు నేర్చుకోవాలో కూడా తెలుస్తుంది.

మూడోది చేతులు కడగడం. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, ప్రసూతి వార్డుకు వచ్చే డాక్టర్ల చేత, విద్యార్థుల చేత క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించాడు. బాలింతల చావులు ఒక్కసారిగా తగ్గాయి. ఇప్పటి నియమం ప్రకారం సబ్బుతో, నీళ్ళతో సరిగా కడగడానికి 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. మధ్యాహ్న భోజనం ముందు కుళాయి దగ్గరే ఈ పాఠం చెప్పవచ్చు.

నాలుగోది రాయడం. చూసినది చూసినట్టు, గంటా నిమిషంతో సహా, కొట్టివేతలు లేకుండా రాయడం. రాత్రి డ్యూటీ నర్సు రాసిన రెండు వాక్యాలే పొద్దున వచ్చే డాక్టరుకు కళ్ళు.

అయిదోది భాష. ఇక్కడ మన పల్లె పిల్లలే ముందుంటారు. "కడుపుల మండుతుంది", "గుండె దడదడ అంటుంది", "కండ్లు తిరుగుతున్నయి" అని ముసలవ్వ చెప్పినదాన్ని సరిగా అర్థం చేసుకుని, పుస్తక భాషలోకి మార్చి రాయగలవాళ్ళు వీళ్ళే. నాచారం పారిశ్రామికవాడలో బీహారు, ఒడిశా నుంచి వచ్చిన కార్మికులు ఎందరో. తెలుగుతోపాటు హిందీ, ఉర్దూ మాట్లాడగలగడం కూడా ఇక్కడ ఒక అర్హతే.

పది తర్వాత దారులు

పదో తరగతి ఫలితాల తర్వాత పదిహేను రోజుల్లో తీసుకునే నిర్ణయం చాలా తలుపులు తెరుస్తుంది, కొన్ని మూస్తుంది. అందుకని ముందే తెలియాలి.

ఇంటర్‌లో బై.పి.సి. తీసుకుంటే ఎక్కువ దారులు మిగులుతాయి. నీట్ ద్వారా యం.బి.బి.యస్., దంత వైద్యం, ఆయుర్వేదం, హోమియోపతి ఉన్నాయి. అవి కాక నాలుగేళ్ళ బి.యస్సి. నర్సింగ్, ఫిజియోథెరపీ, ఆప్టోమెట్రీ, రెండేళ్ళ ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా వంటివి ఉన్నాయి. యం.పి.సి. వాళ్ళు పనికిరారనుకోవద్దు, ఫార్మసీ డిప్లొమాకు, డిగ్రీకి రెండు గ్రూపులవాళ్ళూ అర్హులే. మూడేళ్ళ జనరల్ నర్సింగ్ కోర్సుకు సైన్సు వాళ్ళకు ప్రాధాన్యం ఉన్నా, ఇతర గ్రూపులవాళ్ళకూ ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమాలు అవకాశం ఇస్తున్నాయి. రెండేళ్ళ ఎ.యన్.యం. కోర్సుకూ అంతే, అది ఆడపిల్లలకు మాత్రమే. నర్సింగ్ కోర్సుల్లో చేరడానికి పదిహేడేళ్ళు నిండాలి.

ఇంటర్‌లోనే ఒకేషనల్ గ్రూపులూ ఉన్నాయి. ఒకటి మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్, మరొకటి మల్టీపర్పస్ హెల్త్ వర్కర్. ఈ రెండో పేరు వెనక ఒక చరిత్ర ఉంది. పూర్వం మలేరియాకొక మనిషి, మశూచికొక మనిషి, కుటుంబ నియంత్రణకొక మనిషి ఇంటింటికీ తిరిగేవారు. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఈ పనులన్నీ ఒకరికే అప్పగించాలని చెప్పింది. ఆ 'బహుళార్థ' కార్యకర్త పేరే ఈ గ్రూపుకు వచ్చింది. ఒకేషనల్ చదివితే పై చదువుల దారి మూసుకుపోతుందన్న భయం అక్కరలేదు. జీవశాస్త్రం, భౌతిక రసాయన శాస్త్రాల్లో బ్రిడ్జి కోర్సు పరీక్షలు రాసి పై కోర్సులకు వెళ్ళే వీలుంది. 1986లో అప్రెంటిస్ చట్టాన్ని సవరించి ఒకేషనల్ ఇంటర్ వాళ్ళకూ ఏడాది అప్రెంటిస్ శిక్షణకు చోటిచ్చారు.

బోర్డు చూసి చేరవద్దు

ఇంతవరకూ చెప్పినదంతా ఒక ఎత్తు, ఇప్పుడు చెప్పబోయేది ఒక ఎత్తు.

మా పక్క ఊరి అమ్మాయి ఒకరు పదో తరగతి కాగానే నగరంలో ఒకచోట ఏడాది 'నర్సింగ్' కోర్సులో చేరింది. ఇంట్లో పాలిచ్చే బర్రెను అమ్మి ఫీజు కట్టారు. ఏడాది తిరిగేసరికి రంగురంగుల సర్టిఫికెట్ చేతికొచ్చింది. దాన్ని పట్టుకుని ఆసుపత్రికి వెళ్తే, "కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఏదమ్మా?" అని అడిగారు. అట్లాంటిది ఒకటుంటుందని కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదు. చివరకు సహాయకురాలిగా తీసుకున్నారు. నర్సు చేసే పనిలో సగం చేయిస్తారు, నర్సు జీతంలో సగం కూడా ఇవ్వరు. "అన్నా, నాకు సూది వేయడం వచ్చు, సెలైన్ పెట్టడం వచ్చు. మరి నేను నర్సును ఎందుకు కాదు?" అని ఆమె నన్ను అడిగింది. చట్టం పరంగా జవాబు సులువే. ఆమె ముఖం చూసి చెప్పడమే కష్టమైంది. ఇప్పుడు ఆమె ఓపెన్ స్కూల్లో ఇంటర్‌కు కట్టింది. అది అయ్యాక జనరల్ నర్సింగ్‌లో చేరాలని పట్టుదలగా ఉంది. పోయిన ఏడాదీ, పోయిన బర్రే మాత్రం తిరిగిరావు.

రోగి ప్రాణంతో పని గనుక ఈ వృత్తులకు చట్టాలున్నాయి. నర్సులకు 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం, ఫార్మసిస్టులకు 1948 నాటి ఫార్మసీ చట్టం ఉన్నాయి. ల్యాబ్, ఎక్స్‌రే, డయాలిసిస్, ఫిజియోథెరపీ వంటి వాటన్నిటికీ కలిపి 2021లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం అనుబంధ వృత్తి నిపుణుడు అనిపించుకోవాలంటే కనీసం 2000 గంటల చదువు, శిక్షణ ఉండాలి. పై మెట్టు నిపుణులకు కనీసం 3600 గంటలు. మూడు నెలల కోర్సును చూసి ఎవరైనా "టెక్నీషియన్ అయిపోతావు" అంటే ఈ అంకెల పక్కన పెట్టి చూడండి, సంగతి తెలుస్తుంది.

కాబట్టి చేరేముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఈ కోర్సు పూర్తయ్యాక ఏ కౌన్సిల్‌లో, ఏ బోర్డులో నా పేరు నమోదవుతుంది? ప్రాక్టికల్ శిక్షణ ఏ ఆసుపత్రిలో, ఎన్ని పడకల దగ్గర? ఇక్కడ చదివి నమోదైన పాత విద్యార్థి ఒకరితో మాట్లాడనిస్తారా? మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే చెప్పులు తొడుక్కుని వచ్చేయడమే మేలు.

మన సంఘం చేయగలిగినది

సోదర విద్యార్థులారా, ఇందులో మనం చేయదగినవి కొన్ని ఉన్నాయి. వాటికి పెద్ద డబ్బు కూడా అక్కరలేదు. ఫలితాలు వచ్చే ముందే కీసర, ఘట్‌కేసర్, ఉప్పల్ చుట్టుపక్కల ప్రభుత్వ పాఠశాలలకు ఇద్దరిద్దరం వెళ్ళి పై దారులన్నీ ఒక పట్టికగా నల్లబల్ల మీద రాసి రావచ్చు. తల్లిదండ్రులను కూడా పిలవాలి, ఫీజు కట్టేది వాళ్ళు గనుక. సెప్టెంబరు 26న, సి.యస్.ఐ.ఆర్. స్థాపన దినం నాడు, ఆ సంస్థ ప్రయోగశాలలు విద్యార్థులకు తలుపులు తెరిచే ఆనవాయితీ ఉంది. బస్సు మాట్లాడి పిల్లలను తీసుకువెళ్ళవచ్చు. బళ్ళలో జూనియర్ రెడ్‌క్రాస్ శాఖల ద్వారా ప్రథమ చికిత్స నేర్పించి, శివరాత్రికి కీసరగుట్ట జాతరలో దాహానికి, ఎండకు సొమ్మసిల్లినవారికి తోడుగా పెద్దల పర్యవేక్షణలో నిలబెట్టవచ్చు. ఒక ఓ.ఆర్.యస్. పొట్లాన్ని కొలిచి సరిగ్గా లీటరు నీళ్ళలో కలపడం ఆ రోజు నేర్చిన పిల్ల ఎన్నటికీ మరచిపోదు.

మరొకటి. మనలో ల్యాబ్‌లో పనిచేస్తున్న అన్న ఉన్నవాళ్ళున్నారు, నర్సుగా పనిచేస్తున్న అక్క ఉన్నవాళ్ళున్నారు. వాళ్ళను ఒక పూట బడికి తీసుకురండి. యూనిఫారంతో వచ్చి, "నేనూ ఈ ఊరి బడిలోనే చదివాను, ఇదీ నా పని, ఇదీ నా జీతం, ఇదీ నా కష్టం" అని దాపరికం లేకుండా చెప్పమనండి. మన ఉపన్యాసాలన్నీ ఆ పది నిమిషాల ముందు దిగదుడుపే. చివరి బల్ల పిల్ల అడిగిన "మరి ఇంక ఏముంటయి సార్?" అన్న ప్రశ్నకు సరైన జవాబు చెప్పగలిగేవాళ్ళు కూడా వాళ్ళే. వచ్చే విద్యాసంవత్సరం కార్యక్రమాల జాబితాలో సంఘం ఈ పనికి ఒక వారం కేటాయించాలని కోరుతున్నాను. పేరు ఇచ్చేవాళ్ళు ముందుకు రండి. మొదటి పేరు నాది రాసుకోండి.